హారో – కాలినడకకు అందే ఊరు

మా అమ్మ మొదటిసారి లండన్ వచ్చింది 2005 వేసవిలో. అప్పట్లో మేము నగరానికి తూర్పు వైపు, థేమ్స్ నది పక్కన, డాక్‌లాండ్స్‌లో ఒక పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నా ఆఫీసు అక్కడికి దగ్గర. కిటికీ తెర తీస్తే నది, పడవలు, గాజు మేడలు. రాత్రయితే ఎటు చూసినా దీపాలే. అమ్మ చూసి మురిసిపోతుందనుకున్నాను. మొదటి వారం మురిసింది కూడా. రెండో వారం నుంచి మాటలు తగ్గాయి. మేమిద్దరం పొద్దున్నే ఉద్యోగాలకు పోతే, తిరిగి వచ్చేదాకా ఆవిడ ఆ కిటికీ దగ్గరే కూర్చునేది. కిందికి దిగితే ఎటు పోవాలో తెలియదు. అక్కడి చిన్న రైలుకు డ్రైవరు ఉండడని తెలిశాక అది ఎక్కడానికి అసలే ఒప్పుకోలేదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "ఒరేయ్, ఇది ఇల్లు కాదురా, విమానంలో కిటికీ పక్క సీటు. అన్నీ కనిపిస్తాయి, దిగడానికి మాత్రం లేదు" అంది.

మరుసటి సంవత్సరం మేము హారో మారడానికి ఆ మాట ఒక్కటే కారణం అంటే అబద్ధం. మా ఆవిడ వైద్యురాలు. ఆవిడకు హారోలోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. రోజూ జూబిలీ లైన్ ఎక్కి, ఫించ్‌లీ రోడ్‌లో మెట్రోపాలిటన్ లైన్‌కు మారి, రానూ పోనూ రెండు గంటల పైనే. పాప పుట్టబోతోంది. అలా 2006 వసంతంలో సామాను సర్దుకుని బయలుదేరాం. "లండన్ వదిలేసి పల్లెటూరికి పోతున్నావా?" అని ఆఫీసులో మిత్రులు వేళాకోళం చేశారు. నిజానికి కాగితాల మీద మేము లండన్ వదిలింది లేదు. హారో 1965 నుంచి గ్రేటర్ లండన్‌లో భాగమే. కానీ ఇక్కడి పాతకాపులు ఇప్పటికీ ఉత్తరాల మీద "హారో, మిడిల్‌సెక్స్" అనే రాస్తారు. సెంట్రల్ లండన్ వెళ్తుంటే "లండన్ వెళ్తున్నాం" అంటారు, మనం తెనాలి నుంచి గుంటూరు వెళ్తున్నాం అన్నట్టు.

నేను చరిత్రకారుణ్ణి కాను. కంప్యూటర్లతో పొట్టపోసుకునేవాణ్ణి. అయితే మా నాన్నగారు తెనాలిలో హైస్కూలులో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 2008లో అమ్మతోపాటు వచ్చినప్పుడు, ఆయనకు ఈ ఊరు తెగ నచ్చింది. జేబులో చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, గోడల మీద కనిపించిన ఫలకాలన్నీ ఎక్కించుకునేవారు. సాయంత్రం నేను రాగానే, "ఇక్కడ అన్నీ నడిచి పోయేంత దూరంలోనే ఉన్నాయేమిట్రా? ఎవరో లెక్కవేసి కట్టినట్టుంది" అనేవారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే తేలిన సంగతులు ఇవి.

గుడి కొండ

హారో పేరుకు మూలం పాత ఇంగ్లీషులో "హెర్గ్" అనే మాట. క్రైస్తవం రాకముందు ఇక్కడివాళ్ళు కొలుచుకున్న దేవతల గుడి అని దానికి అర్థం. క్రీ.శ. 767 నాటి ఒక దానపత్రంలో ఈ చోటు "గుమెనింగుల గుడి" అన్న అర్థం వచ్చే పేరుతో కనిపిస్తుంది. చుట్టూ చదునైన నేల, మధ్యలో 124 మీటర్ల ఎత్తు కొండ, కొండ మీద గుడి. మన వైపు ప్రతి గుట్ట మీదా ఒక నరసింహస్వామో, ఆంజనేయస్వామో ఉన్నట్టే. ఆ కొండ మీదే తరువాతి కాలంలో సెయింట్ మేరీస్ చర్చి కట్టారు. దాన్ని 1094లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్‌సెల్మ్ ప్రతిష్ఠించాడు. దాని సూదిమొన గోపురం ఇప్పటికీ మైళ్ళ దూరం కనిపిస్తుంది. నాన్నగారు దాన్ని చూసి "ధ్వజస్తంభం" అనేవారు.

చాలా శతాబ్దాల పాటు హారో అంటే ఆ కొండ మీది ఊరే. కింద పచ్చిక బయళ్ళు, గడ్డి పొలాలు, అక్కడక్కడా గ్రీన్‌హిల్, వీల్డ్‌స్టోన్, పిన్నర్, ప్రెస్టన్ వంటి చిన్న పల్లెలు.

రోడ్డు మరమ్మత్తుకు మాన్యం

ఆ ప్రెస్టన్‌లో జాన్ లయన్ అని ఒక రైతు ఉండేవాడు. జమీందారు కాడు, స్వంత భూమి దున్నుకునే మోతుబరి. 1572లో ఎలిజబెత్ రాణి దగ్గర అనుమతి పత్రం తెచ్చుకుని బడికి పునాది వేశాడు. ఈనాటి హారో స్కూలు అదే. చర్చిల్ చదివాడు. కవి బైరన్ చదివాడు. 1905 నుంచి 1907 దాకా మన జవహర్‌లాల్ నెహ్రూ చదివాడు. ఈ సంగతి చాలామందికి తెలుసు.

అంతగా తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆయన 1578లో, ఈనాడు మైదా వేల్ అని పిలిచే చోట, సుమారు 48 ఎకరాల పొలం దానంగా ఏర్పాటు చేశాడు. దాని మీద వచ్చే ఆదాయం లండన్ నుంచి ఇటు వచ్చే రెండు రోడ్ల మరమ్మత్తుకు ఖర్చు పెట్టాలని షరతు. అవే నేటి హారో రోడ్డు, ఎడ్జ్‌వేర్ రోడ్డు. మన పెద్దలు సత్రాలకు, చెరువులకు, గుడిలో దీపానికి మాన్యాలు రాసిచ్చారు. ఈయన రోడ్డుకు మాన్యం రాశాడు. ఊరు ఊరుగానే ఉండాలి, నగరానికి దారి మాత్రం బాగుండాలి అని 450 ఏళ్ళ కిందటే ఆయనకు తోచిందన్నమాట. ఆ పొలం కాస్తా లండన్‌లో ఖరీదైన పేటగా మారింది. ఈలోగా రోడ్ల బాధ్యత ప్రభుత్వాలు తీసుకున్నాయి. చివరకు 1991లో ఆ ఆదాయాన్ని ఈ ప్రాంతాల పిల్లలు, యువతకు ఉపయోగపడే సేవాకార్యక్రమాలకు వాడుకునే వీలు వచ్చింది. నాన్నగారి నోటు పుస్తకంలో జాన్ లయన్ పేరు కింద రెండు గీతలున్నాయి.

ఊరు కొండ దిగింది

రైలు మొదట 1837లో వచ్చింది, లండన్ నుంచి బర్మింగ్‌హామ్ పోయే లైను. కానీ అది కొండకు మైలు పైగా దూరంలో, వీల్డ్‌స్టోన్ వైపు పొలాల్లోంచి పోయింది. పెద్ద లైనువాళ్ళకు దూరపు ఊళ్ళ మీదే ధ్యాస. హారో మనిషి రోజూ లండన్ వెళ్ళి రావడం వాళ్ళ లెక్కలో లేదు.

అసలు మార్పు తెచ్చింది మెట్రోపాలిటన్ రైల్వే. 1863లో లండన్ నేల కింద ప్రపంచంలోనే మొదటి భూగర్భ రైలు నడిపింది వీళ్ళే. నగరం నడిబొడ్డున లైను పొడిగించడం ఖర్చుతో కూడిన పని కనుక వాళ్ళు వాయవ్యంగా పొలాల మీదికి వచ్చారు. 1880 ఆగస్టు 2న హారో చేరారు. స్టేషన్ పేరు తరువాత హారో-ఆన్-ది-హిల్ అని మార్చారు గానీ, స్టేషన్ కొండ మీద లేదు. రైలు కొండ ఎక్కలేదు కదా! గ్రీన్‌హిల్ పల్లె పక్కన, కొండ పాదం దగ్గర ఉంది.

ఇక అక్కడి నుంచి కొట్లు, బ్యాంకులు, తపాలా ఆఫీసు ఒక్కొక్కటిగా స్టేషన్ దగ్గరికి చేరాయి. కాలేజ్ రోడ్డు, స్టేషన్ రోడ్డు, సెయింట్ ఆన్స్ రోడ్డు, ఇవి మూడూ కలిసి కొత్త బజారయ్యాయి. కొండ మీద బడి, చర్చి, కాసిని పాత ఇళ్ళు మిగిలాయి. పెద్ద నగరం నుంచి చిన్న ఊరికి మారిన కుటుంబాల కథలు మనం చాలా విన్నాం. ఇక్కడ ఊరే తన నడిబొడ్డును మోసుకుని కొండ దిగి వచ్చింది, రైలు కోసం.

ఇదే కొండ మీద మరొక సంగతి కూడా జరిగింది. 1899 ఫిబ్రవరి 25న గ్రోవ్ హిల్ వాలు మీద దిగుతున్న ఒక మోటారు కారు చక్రం విరిగి పల్టీ కొట్టింది. నడిపే మనిషి అక్కడికక్కడే పోయాడు, ఇంకొకాయన కొన్ని రోజులకు పోయాడు. కారు నడిపే మనిషి ప్రమాదంలో చనిపోయిన బ్రిటన్‌లోని తొలి ఘటనల్లో అదొకటి. డెబ్బై ఏళ్ళ తరువాత, 1969లో, అక్కడ ఒక ఫలకం పెట్టారు. నాన్నగారు దాన్ని రాసుకుని, కింద "నడకే క్షేమం" అని చేర్చారు.

పది నిమిషాల లెక్క

1905 జనవరిలో ఈ లైను మీద కరెంటు రైళ్ళు మొదలయ్యాయి. నెహ్రూ ఇక్కడ బడిలో చేరిన సంవత్సరం కూడా అదే. పొగ లేదు, ఆలస్యం తక్కువ. బ్యాంకు గుమస్తా పొద్దున బయలుదేరి లండన్‌లో పని చేసుకుని చీకటి పడేలోపు ఇంటికి రావచ్చు.

మామూలుగా రైలు కంపెనీలు లైను వేయగా మిగిలిన భూమిని అమ్మేయాలి. మెట్రోపాలిటన్ మాత్రం ఆ భూమిని తన దగ్గరే ఉంచుకోవడానికి పార్లమెంటు నుంచి అనుమతి సంపాదించింది. 1915లో "మెట్రోలాండ్" అనే మాట పుట్టించారు. ఆ పేరుతో 1932 దాకా ఏటా ఒక చిన్న పుస్తకం వేశారు. అట్ట మీద తోట, పువ్వులు, ఎర్ర పెంకుల ఇల్లు, లోపల రైలు చార్జీలు. "ఔటర్ రింగ్ రోడ్డుకు పది నిమిషాలు" అని మన హైదరాబాద్ బ్రోషర్లు ఈ మధ్య చెబుతున్న మాటను వీళ్ళు వందేళ్ళ కిందటే చెప్పారు. 1919లో ఇళ్ళ కోసమే విడిగా కంపెనీ పెట్టారు. రేనర్స్ లేన్ 1906లో పొలాల మధ్య ఒక చిన్న హాల్టు. 1930లు గడిచేసరికి దాని చుట్టూ వేల ఇళ్ళు, బజారు, 1936లో ఒక సినిమా హాలు. మొత్తం హారో జనాభా 1951 నాటికి రెండు లక్షలు దాటింది.

నాన్నగారి ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది. ఆ ఇళ్ళు కొన్న గుమస్తాలలో చాలామందికి కారు లేదు. స్టేషన్‌కు నడిచి వెళ్ళలేని ఇల్లు వాళ్ళకు పనికిరాదు. కాబట్టి మధ్యలో స్టేషన్, దాన్ని ఆనుకుని కొట్ల వరుస, కొట్ల మీద కాపురాలు, వాటి వెనక వీధులు, చివర ఆటస్థలం. స్టేషన్ నుంచి పది, పదిహేను నిమిషాల నడకలోనే అంతా. వీధులు వేసింది ప్రజాసేవ కోసం కాదు, టిక్కెట్లు అమ్ముకోవడానికి. అయినా మేలు జరిగింది. కారు లేని మనిషిని దృష్టిలో పెట్టుకుని కట్టిన ఊరు, తరువాత వచ్చిన కారు లేని ప్రతి మనిషికీ పనికొచ్చింది.

ఆ రోజుల్లో దీన్ని అందరూ మెచ్చుకోలేదు. పచ్చని పొలాలు నాశనం చేసి ఒకే అచ్చులో ఇళ్ళు పోస్తున్నారని గోలపెట్టారు. వాళ్ళ బాధా నిజమే. 1938లో గ్రీన్ బెల్ట్ చట్టం రావడానికి ఆ ఆందోళన కూడా ఒక కారణం. ఈనాడు మనం ముచ్చటపడే ఊరు ఒకనాడు ఇంకొకరి ఊరిని మింగి పుట్టిందన్న సంగతి మరిచిపోకూడదు.

తరువాత వచ్చినవాళ్ళు

1972 ఆగస్టులో ఉగాండాలో ఇదీ అమీన్, ఆసియా వాళ్ళంతా 90 రోజుల్లో దేశం విడిచిపోవాలన్నాడు. 27,000 మందికి పైగా బ్రిటన్ చేరారు, ఎక్కువమంది గుజరాతీలు. వాళ్ళలో చాలామంది వెంబ్లీ, కెంటన్, హారో ప్రాంతాలకు వచ్చారు. కట్టుబట్టలతో వచ్చినవాళ్ళకు మెట్రోలాండ్ కొట్ల వరుసలు కలిసొచ్చాయి. కింద దుకాణం, పైన కాపురం, ఎదురుగా రైలు. ఆ తరువాత, 1983 అల్లర్ల అనంతరం, శ్రీలంక తమిళులు వచ్చారు. వాళ్ళతో మునక్కాయ, కరివేపాకు, ఇడ్లీ రవ్వ వచ్చాయి. రేనర్స్ లేన్‌లోని ఆ పాత సినిమా హాలు ఈనాడు పార్సీల కేంద్రం. 2021 జనాభా లెక్కల ప్రకారం హారోలో రెండు లక్షల అరవై వేల మంది పైనే ఉన్నారు. నలుగురిలో ఒకరు హిందువు. ఇంగ్లండ్, వేల్స్ మొత్తం మీద హిందువుల నిష్పత్తి ఇంత ఎక్కువగా ఉన్న బరో మరొకటి లేదు.

మనవాళ్ళలో ముందుగా వచ్చింది డాక్టర్లు. గుంటూరు, విశాఖ, హైదరాబాద్ వైద్య కళాశాలల్లో చదివి 1960ల నుంచే ఈ దేశంలో ఆసుపత్రులకు వచ్చారు. నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి 1970లో మొదలైంది. తరువాత సాఫ్ట్‌వేర్ వాళ్ళం వచ్చాం. 2002లో నైపుణ్యం ఉన్నవాళ్ళకు పాయింట్ల లెక్కన వీసాలివ్వడం మొదలయ్యాక ఇంకా పెరిగాం. మేమెవరమూ ఇక్కడ కొత్తగా ఊరు కట్టలేదు. గుమస్తాల కోసం కట్టి, గుజరాతీలు నిలబెట్టి, తమిళులు రుచులు కలిపిన ఊళ్ళో వచ్చి కూర్చున్నాం. మా ఇంట్లో గోంగూర పచ్చడి వెనక ఇంత కథ ఉంది.

అమ్మ దారి

2008లో వచ్చిన మూడో రోజే అమ్మ ఒంటరిగా బయటికి వెళ్ళింది. నాకు చెప్పలేదు. సాయంత్రం వచ్చేసరికి బల్ల మీద దొండకాయలున్నాయి. "ఎవరు తెచ్చారు?" అంటే, "నేనే. గేటు దాటి ఎడమకి తిరిగితే ఎర్ర ఉత్తరాల డబ్బా. అక్కడ రోడ్డు దాటి తిన్నగా పోతే బజారేగా. తెనాలిలో గాంధీ చౌక్‌కు పోయినట్టే ఉంది" అంది.

తెనాలి ఎరిగినవాళ్ళకు ఆ మాట విలువ తెలుస్తుంది. ఊరి మధ్యలోంచి మూడు కాలవలు పోతాయి. స్టేషన్, బోసు రోడ్డు, గాంధీ చౌక్, 1942 కాల్పుల్లో ప్రాణాలిచ్చిన ఏడుగురి జ్ఞాపకంగా నిలిచిన రణరంగ చౌక్, అన్నీ నడిచి పోయే దూరంలోనివే. అమ్మకు సైకిలు కూడా రాదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ ఊరిని కాళ్ళతోనే ఏలింది. డాక్‌లాండ్స్‌లో పోయింది ఆ రాజ్యం. హారోలో తిరిగి వచ్చింది.

సెయింట్ ఆన్స్ రోడ్డులో వాహనాలు రావు. మధ్యలో తాడాట ఆడుతున్న ఒక పిల్ల బొమ్మ ఉంటుంది. చలికాలంలో దాన్ని చూసి అమ్మ, "ఈ పిల్లకి ఎవరూ స్వెట్టర్ వేయరా?" అనేది. ఆ బొమ్మ ఎదురుగా బెంచీ మీద ఒక గుజరాతీ పెద్దావిడ పరిచయమైంది. అందరూ ఆవిణ్ణి "బా" అంటారు. కంపాలా నుంచి వచ్చిన మనిషి. అమ్మ హిందీ, ఎప్పుడో దక్షిణ భారత హిందీ ప్రచార సభ మధ్యమ పరీక్ష పాసైన హిందీ. బా హిందీ, గుజరాతీలో నానబెట్టిన హిందీ. ఇద్దరూ గంటలు గంటలు ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఇంట్లోంచి గోంగూర పచ్చడి సీసా అటు పోయేది, థేప్లాలు ఇటు వచ్చేవి. పాపను బడి నుంచి తీసుకురావడం కూడా అమ్మ పనే అయింది.

ఆవిడకు ఈ ఊళ్ళో ఒక్కటే ఇబ్బంది, స్టేషన్ మెట్లు. అప్పట్లో హారో-ఆన్-ది-హిల్‌లో లిఫ్టు లేదు. మెట్ల దగ్గర ఆగి, ఆయాసం తీర్చుకుని, "ఇంత తెలివిగా ఊరు కట్టి ఇక్కడ మరిచిపోయారేమిట్రా" అనేది.

జూలై 9

2010లో ఇంకొకసారి ఇద్దరూ వచ్చి వెళ్ళారు. 2011 సెప్టెంబరులో నాన్నగారు తెనాలిలో పోయారు. నేను ఒక్కణ్ణే కొడుకుని. అక్కాచెల్లెళ్ళు లేరు. అమ్మను తెచ్చేసుకుందామని అప్పుడే అనుకున్నాం. అప్పటి నిబంధనల ప్రకారం, 65 నిండిన విధవరాలైన తల్లి, పిల్లల మీద ఆధారపడి ఉండి, అక్కడ చూసుకునే దగ్గరివాళ్ళు లేకపోతే, ఇక్కడ స్థిరపడడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అమ్మకు 65 నిండాయి.

కానీ ఆవిడ, "ఏడాది తిరక్కుండా గడప దాటకూడదు. సంవత్సరీకాలు కానీ" అంది. నేనూ గట్టిగా చెప్పలేదు. ఆఫీసులో ప్రాజెక్టు, ఇల్లు కొనే హడావుడి. ఎటూ సెప్టెంబరు దాకానే కదా అనుకున్నాను. 2012 జూలై 9న నిబంధనలు మారాయి. తల్లిదండ్రులు రావాలంటే వయసు వల్లనో జబ్బు వల్లనో స్నానం, వంట, బట్టలు కట్టుకోవడం వంటి రోజువారీ పనులు కూడా స్వయంగా చేసుకోలేని స్థితిలో ఉండాలి. పైగా ఆ సంరక్షణ, మనం డబ్బు పంపినా సరే, వాళ్ళ దేశంలో దొరకదని రుజువు చేయాలి.

సంవత్సరీకాలు పెట్టి వచ్చాక ఒక సొలిసిటర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన మర్యాదగానే అడిగాడు. మీ అమ్మగారు వంట చేసుకుంటారా? చేసుకుంటుంది. స్నానం? చేస్తుంది. నడుస్తారా? బ్రహ్మాండంగా నడుస్తుంది. అంతే, కాగితాలు మూసేశాడు. ఫీజు కూడా తీసుకోలేదు.

ఆ రోజు ఆ ఆఫీసు మెట్లు దిగి సెయింట్ ఆన్స్ రోడ్డులో చాలాసేపు నిలబడ్డాను. నడిచేవాళ్ళ కోసం కట్టిన ఊరు ఇది. మా అమ్మ నడిచినంత కాలం ఇక్కడ ఉండడానికి వీల్లేదు. నడవలేని రోజున రానిచ్చినా, అప్పుడు ఆవిడకు ఈ ఊరెందుకు? తప్పు ఇంకొకరి మీద వేయలేను. ముందు అడుగు వేయాల్సింది నేను, వేయలేదు.

2013, 2015, 2017, 2019 సంవత్సరాల్లో వచ్చింది, సందర్శకుల వీసా మీద, ఆరు నెలలకు మించకుండా. ప్రతిసారీ వచ్చిన మర్నాడే ఉత్తరాల డబ్బా దాకా వెళ్ళి వచ్చేది, దారి మరిచిపోలేదని చూసుకోవడానికి. 2017లో వచ్చేసరికి బెంచీ మీద బా లేదు. కాసేపు కూర్చుని వచ్చేసింది. తరువాత కరోనా. ఆపైన మోకాళ్ళు. ఇప్పుడు ఎనభైకి దగ్గరలో తెనాలిలోనే ఉంది, పనిమనిషి సాయంతో. మోటారు సైకిళ్ళు, కార్లు పెరిగి గాంధీ చౌక్‌కు నడిచి వెళ్ళడం మానేసింది. ఆవిడ ఎరిగిన నడిచే ఊళ్ళు రెండూ ఆవిడకు అందకుండా పోయాయి.

హారో కూడా మారుతోంది. 1891లో మొదలైన కొడాక్ ఫ్యాక్టరీ 2016లో మూతపడింది. స్టేషన్ చుట్టూ ఎత్తైన ఫ్లాట్లు లేచాయి. ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి తరానికి ఈ ఊళ్ళో ఇల్లు కొనడం కష్టమే. ఎవరి కోసం కట్టిన ఊరైనా, చివరికి ఎవరు ఉండగలరన్నది ధరలూ కాగితాలూ తేలుస్తాయి.

ఈ సభలకు వచ్చిన మీలో చాలామంది ఇళ్ళు కొని ఉంటారు, కొనబోతుంటారు. బెడ్‌రూములెన్ని, గ్యారేజీలో కార్లెన్ని పడతాయి, బడి ఎలాంటిది అని చూస్తాం. అమ్మానాన్నలు మన సాయం లేకుండా గేటు దాటి ఎంత దూరం పోగలరో కూడా ఒకసారి చూడండి. వాళ్ళను తెచ్చుకోవాలని ఉంటే, మీరున్న దేశంలో నిబంధన ఏమిటో ఇవాళే కనుక్కోండి. ఏడాది తిరగనీ అనుకోకండి.

ఈ మధ్య ఫోనులో అమ్మ అడిగింది: "స్టేషన్‌లో లిఫ్టులు పెట్టారటగా? కోడలు చెప్పింది."

"అవునమ్మా, 2020 దాటాక పెట్టారు."

"ఎన్ని మెట్లుండేవిరా అక్కడ?"

"లెక్కపెట్టలేదమ్మా."

"నాన్నగారు రాసే ఉంటారు, చూడు."

చూశాను. రాశారు. ఎక్కడానికి ఎన్ని, దిగడానికి ఎన్ని అని విడివిడిగా లెక్క. పక్కన పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో, "ఈమె ఇక్కడ ఒకసారి ఆగాలి. తొందర పెట్టకూడదు."